కాలేజీకి తాళం పడితే లోను ఏమవుతుంది?

కాలేజీ మూతపడినంత మాత్రాన బ్యాంకు లోను మాఫీ కాదు. ఈ అధ్యాయంలో అన్నిటికంటే చేదు మాట ఇదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. చాలా ఇళ్లలో ఈ సంగతి తెలిసేసరికి రెండు మూడేళ్లు గడిచిపోతాయి. "కాలేజీనే లేదు, ఇంక దేనికి కట్టాల?" అంటాడు నాయన. కొడుకూ అవునంటాడు. బ్యాంకు నుంచి వచ్చిన కవర్లు విప్పకుండానే బీరువా మీద పోగుపడతాయి. 4 లక్షల లోను 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకోండి. కోపంతోనో సిగ్గుతోనో మౌనంగా ఉన్న ప్రతి నెలా దాని మీద 3,333 రూపాయల వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. రెండేళ్ల మౌనం ఖరీదు 80 వేలు.

మాఫీ అవుతుందన్న ఆశ ఊరికే పుట్టింది కాదు. చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ఆ మాటకు చరిత్ర ఉంది. 2008లో కేంద్రం పంట రుణాలు మాఫీ చేసింది. రాష్ట్రం విడిపోయాక 2014లో వచ్చిన ప్రభుత్వం విడతలవారీగా మళ్లీ పంట రుణాల మాఫీ చేపట్టింది. గుడియాత్తం, వేలూరు వైపు చుట్టాలున్నవాళ్లు 2021 తమిళనాడు ఎన్నికల్లో విద్యా రుణాల మాఫీ హామీ గురించి కూడా విన్నారు. వీటికి తోడు అమెరికా వార్తలు. అక్కడ కొరింథియన్ కాలేజీల గొలుసు 2015లో మూతపడితే, 2022లో ప్రభుత్వం 5 లక్షల 60 వేల మంది పేరున ఉన్న 580 కోట్ల డాలర్ల అప్పు కొట్టేసింది. అదే ఏడాది, 2016లో మూతపడిన ఐటీటీ టెక్ విద్యార్థులకూ మాఫీ దక్కింది. అది చదివినవాళ్లు మనకెందుకు రాదని అడగడం న్యాయమే.

ఆ మాఫీలన్నిటిలో కలిసే సంగతి ఒకటుంది. అప్పు ఇచ్చింది ప్రభుత్వమే అయి ఉండాలి, లేదా బ్యాంకుకు ఆ డబ్బు ప్రభుత్వం కట్టి ఉండాలి. అమెరికాలో రద్దయినవి అక్కడి కేంద్ర ప్రభుత్వం సొంతంగా ఇచ్చిన రుణాలు. స్కూలు మూతపడితే ఆ రుణాలు రద్దు చేయడానికి వాళ్ల చట్టంలోనే నిబంధన ఉంది. మన పంట రుణాల్లో బ్యాంకుకు డబ్బు కట్టింది ఖజానా. కేరళ ప్రభుత్వం 2017లో విద్యా రుణాల చెల్లింపుకు సాయం చేసే పథకం తెచ్చినప్పుడు కూడా ఖజానా నుంచే తీసి బ్యాంకుకిచ్చింది. మన దేశంలో కాలేజీ మూతపడిందన్న కారణంతో విద్యా రుణాన్ని రద్దు చేసే చట్టం లేదు. పైగా 2016 నాటి దివాలా చట్టంలో, చిన్న అప్పుదారులకు అప్పుల నుంచి విముక్తినిచ్చే భాగంలో మినహాయించిన బాకీల జాబితా ఒకటుంది. జరిమానాలు, భరణం వంటివాటి సరసన విద్యా రుణాన్నీ అందులో చేర్చారు. పార్లమెంటు తెలిసే పెట్టిన మాట అది. నాకది అన్యాయంగానే కనిపిస్తుంది. అయినా ఉన్నదాన్ని ఉన్నట్టు చూడాలి కదా.

లోను పత్రాలు బయటికి తీసి ఒకసారి చూడండి. విద్యార్థి సంతకం ఉంటుంది, తల్లిదో తండ్రిదో సహ రుణగ్రహీతగా సంతకం ఉంటుంది, షూరిటీ ఇచ్చినవాళ్లుంటే వాళ్లదీ ఉంటుంది. కాలేజీ సంతకం మాత్రం ఎక్కడా ఉండదు. బ్యాంకు మీ తరఫున కాలేజీకి డబ్బు కట్టింది, అంతే. అక్కడ పాఠాలు చెప్పారా, గేటుకు తాళం వేశారా అన్నది ఆ ఒప్పందంలో లేదు. మేనేజరు ముందు కూర్చుని "మా కాలేజీ లేదు సార్" అంటే ఆయన అయ్యో అంటాడు, ఆ తర్వాత స్క్రీను మీది అంకె చదువుతాడు. ఆయన చేతిలో లేనిది అడిగితే ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఆయన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. అవి అడగడం నేర్చుకోవాలి. అంతకంటే ముందు చేయాల్సిన పని మాత్రం బ్యాంకులో లేదు.

సీటు ముందు, అప్పు తర్వాత

2012 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో దాదాపు 700 ఇంజినీరింగ్ కాలేజీలుండేవి. ఫీజు రీయింబర్స్‌మెంటు మీద నమ్మకంతో మామిడి తోటల మధ్య, హైవేల పక్కన లేచిన భవనాలవి. చేరేవాళ్లు తగ్గి, ప్రభుత్వం నుంచి రావాల్సిన డబ్బు ఆలస్యమయ్యేసరికి చిన్న కాలేజీలు ఒక్కొక్కటిగా చేతులెత్తేశాయి.

మూతపడటంలోనూ రకాలున్నాయి, మీది ఏ రకమో తెలుసుకోవడం ముఖ్యం. అఖిల భారత సాంకేతిక విద్యామండలి (ఏఐసీటీఈ) నిబంధనల్లో ఒకటి దశలవారీ మూసివేత. మొదటి సంవత్సరంలో కొత్తవాళ్లను చేర్చుకోరు, ఉన్నవాళ్ల చదువు పూర్తయ్యేదాకా కాలేజీ నడపాలి. ఇంకొకటి పూర్తి మూసివేత. ఇందులో యూనివర్సిటీ నుంచి ఎన్‌ఓసీ తీసుకోవాలి, ఉన్న విద్యార్థులను వేరే కాలేజీలకు సర్దాలి. నియమంగా జరిగేవి ఈ రెండే. మన దగ్గర ఎక్కువగా కనిపించే మూడో రకానికి పేరు లేదు. లెక్చరర్లకు జీతాలందవు, వాళ్లు రావడం మానేస్తారు, ల్యాబ్‌కు తాళం పడుతుంది, బస్సు ఆగిపోతుంది. కాగితం మీద మాత్రం కాలేజీ నడుస్తూనే ఉంటుంది. ఈ మూడో రకంలో ఉన్న పిల్లలే ఎక్కువ నష్టపోతారు. మూతపడినట్టు రుజువు లేదు కాబట్టి యూనివర్సిటీ కదలదు, బ్యాంకు నమ్మదు. మీ కాలేజీ ఇలా ఉంటే రోజూ తేదీతో ఫొటోలు తీయండి, క్లాసులు జరగడం లేదని ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి దాని నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆ పోస్టాఫీసు రసీదు తర్వాత చాలా చోట్ల పనికొస్తుంది.

ఇంజినీరింగ్, ఫార్మసీ, ఎంబీఏ వాళ్లకు తలుపు తట్టాల్సిన చోటు అనంతపురం జేఎన్‌టీయూ. మామూలు డిగ్రీ, పీజీ వాళ్లకు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం. అనంతపురానికి ఒక్కరే పోవద్దు, క్లాసు మొత్తం సంతకాలు చేసిన అర్జీతో పోండి. జేఎన్‌టీయూ హాల్‌టికెట్ నంబరులోనే కాలేజీ కోడ్ ఇమిడి ఉంటుంది కాబట్టి, ఒక్కడు మారతానంటే అదొక ప్రత్యేక కేసై ఫైలు కింద ఫైలులో పడిపోతుంది. బ్యాచ్ మొత్తం కలిసి అడిగితే అది యూనివర్సిటీ సమస్య అవుతుంది. అర్జీ నకళ్లు ఉన్నత విద్యామండలికి, ఏఐసీటీఈకి పంపండి. ఇంకో నకలు సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. కలెక్టరుగారు కాలేజీ తెరిపించలేరు. కానీ అక్కడి అర్జీకి నంబరు పడుతుంది, ఆ నంబరు చూపిస్తే మిగతా ఆఫీసుల్లో కుర్చీ వేస్తారు.

కలిసి అడగడం గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. కడప ఫాతిమా మెడికల్ కాలేజీలో 2015-16లో ఎంబీబీఎస్‌లో చేరిన పిల్లలు గుర్తింపు చిక్కుల్లో ఇరుక్కున్నారు. 2017లో విజయవాడ వచ్చి సెల్ టవరెక్కేదాకా వాళ్ల గోడు రాష్ట్రానికి సరిగా వినబడలేదు. వాళ్లను వేరే కాలేజీల్లో సర్దాలన్న ప్రయత్నం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అప్పటికే వాళ్ల చేతుల్లోంచి విలువైన కాలం జారిపోయింది. 2022 మేలో తెలంగాణలో టీఆర్‌ఆర్, ఎంఎన్‌ఆర్, మహావీర్ మెడికల్ కాలేజీలకు జాతీయ వైద్య కమిషన్ ఆ ఏడు చేరినవాళ్ల అనుమతి ఉపసంహరించింది. అక్కడ విద్యార్థులు, తల్లిదండ్రులు వెంటనే ఒక్కటై ప్రభుత్వం దగ్గరికీ, కోర్టుకూ వెళ్లారు. చివరికి కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం వాళ్లను వేరే ప్రైవేటు మెడికల్ కాలేజీలకు కేటాయించింది. రెండు చోట్లా పోరు సీటు కోసమే. సీటు దక్కితే చదువు నిలబడుతుంది. చదువు నిలబడితే లోనుకూ ఒక దారి దొరుకుతుంది.

కాగితాలు

ఆఫీసు గది ఇంకా తెరిచి ఉండగానే మీ సర్టిఫికెట్లు తెచ్చేసుకోండి. టెన్త్, ఇంటర్ ఒరిజినల్ మెమోలు, టీసీ, స్టడీ, కాండక్ట్ సర్టిఫికెట్లు, ప్రతి సెమిస్టరు మార్కుల మెమో, ప్రతి ఫీజు రసీదు. ఒరిజినల్స్ తమ దగ్గర అట్టిపెట్టుకునే అధికారం కాలేజీలకు లేదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. "రీయింబర్స్‌మెంటు రాలేదు, మీరు కట్టి తీసుకోండి" అంటే ఆ మాట రాసివ్వమనండి. రాసివ్వరు. అయినా రాసివ్వమని అడిగారన్న సంగతి వాళ్లకు గుర్తుండిపోతుంది.

డిజిలాకర్‌లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా ఉంటే మీ క్రెడిట్లన్నీ అందులో పడ్డాయో లేదో చూసుకోండి. పడిన క్రెడిట్లు మామూలుగా ఏడేళ్లు చెల్లుతాయి. పడకపోతే, కాలేజీలో అడగడానికి మనిషి ఉండగానే అడగాలి. ఫీజు బ్యాంకు నేరుగా కాలేజీకి కట్టింది కాబట్టి రసీదు మన దగ్గర ఎందుకని చాలామంది అనుకుంటారు. కాలేజీ మీద ఫీజు వాపసు కేసు వేసే రోజున మొదట అడిగేది ఆ రసీదే. అది లేకపోతే ఏ తేదీన ఎంత మొత్తం, ఏ ఖాతాకు వెళ్లిందో చూపే స్టేట్‌మెంటు మీ బ్యాంకులో తీసుకోండి.

బ్యాంకులో ఏమడగాలి

మొట్టమొదట డబ్బు ఆపించండి. విద్యా రుణం ఒకేసారి ఇవ్వరు, సెమిస్టరుకో ఏడాదికో విడుదల చేస్తారు. కాలేజీ మూతపడేలా ఉందని తెలిసిన రోజే, మిగిలిన విడతలు ఆ కాలేజీ ఖాతాలో వేయొద్దని బ్రాంచికి రాయండి. మూతపడబోతున్న కాలేజీ ఆఖరి సెమిస్టరు ఫీజు మాత్రం చురుగ్గా వసూలు చేస్తుంది. అదొక్కటి ఆపినా 40, 50 వేలు మిగలొచ్చు.

ఆ తర్వాత అడగాల్సింది గడువు. మన ప్రభుత్వ బ్యాంకుల విద్యా రుణాలు భారతీయ బ్యాంకుల సంఘం తయారుచేసిన నమూనా పథకం ప్రకారం నడుస్తాయి. చదువు కాలం, ఆ పైన ఒక ఏడాది దాకా వాయిదాలు కట్టనక్కరలేదు. చదువు అనుకున్న కాలంలో పూర్తికాకపోతే రెండేళ్ల దాకా పొడిగించవచ్చు. విద్యార్థి అదుపులో లేని కారణాల వల్ల పూర్తికాకపోతే, అవసరమైనంత పొడిగింపు ఇచ్చే విచక్షణ లోను మంజూరు చేసిన అధికారికి ఉంది. కాలేజీ మూతపడటం కన్నా విద్యార్థి అదుపులో లేని కారణం ఇంకేముంటుంది? ఈ నిబంధన పేరెత్తి అడిగేవాళ్లు అరుదు కాబట్టే మేనేజర్లకూ అది వెంటనే గుర్తుకు రాదు. ఉద్యోగం లేని రోజుల్లో, లోను కాలంలో రెండు మూడు సార్లు, ఒక్కోసారి ఆరు నెలల దాకా వాయిదాలు నిలిపే వెసులుబాటు కూడా ఆ పథకంలో ఉంది.

ఉత్తరం ఎలా రాయాలో చాలామంది అడుగుతారు. పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. "నా విద్యా రుణ ఖాతా నంబరు ఫలానా. నేను చదువుతున్న కాలేజీ ఫలానా తేదీ నుంచి పనిచేయడం లేదు. వేరే కాలేజీకి బదిలీ కోసం యూనివర్సిటీకి ఫలానా తేదీన దరఖాస్తు చేశాను, నకలు జతపరిచాను. ఈ కాలేజీకి ఇక డబ్బు విడుదల చేయవద్దు. మంజూరైన లోనులో మిగిలిన మొత్తాన్ని కొత్త కాలేజీకి మార్చండి. నా అదుపులో లేని కారణం వల్ల ఆలస్యమవుతోంది కాబట్టి చదువు కాలాన్ని, వాయిదాల విరామాన్ని పొడిగించండి. మీ నిర్ణయం రాతపూర్వకంగా తెలపండి." విద్యార్థి, సహ రుణగ్రహీత ఇద్దరూ సంతకం చేయాలి.

ఆ ఉత్తరంలో చదువు ఆపేశానని, డిస్కంటిన్యూ చేశానని మాత్రం రాయొద్దు. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపున్నవాళ్లకు 2009-10 నుంచి అమల్లో ఉన్న కేంద్ర వడ్డీ రాయితీ పథకం చదువు కాలపు వడ్డీ భరిస్తుంది. చదువు మధ్యలో మానేసినవాళ్లకు ఆ రాయితీ వర్తించదు, ఆరోగ్య కారణాలకు తప్ప. బ్యాంకు రికార్డులో మీరు "మానేసిన విద్యార్థి"గా నమోదైతే వడ్డీ రాయితీ చేజారుతుంది, వాయిదాలు వెంటనే మొదలవుతాయి. మీరు మానలేదు, బదిలీ కోసం ఎదురుచూస్తున్నారు. నిజం అదే, రాయాల్సిందీ అదే.

మీ బ్రాంచి ఏదో కూడా ఒకసారి సరిచూసుకోండి. హాస్యానికి చెప్పడం లేదు. చిత్తూరు కేంద్రంగా పనిచేసిన సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో, సిండికేటు అప్పుడే కెనరాలో కలిశాయి. బోర్డు మారింది కాబట్టి పాత అప్పు మరుగున పడిందని నమ్మినవాళ్లున్నారు. కాలేజీ మూతపడితే అప్పు పోనట్టే బ్యాంకు పేరు పోయినా అప్పు పోదు. పాత చిరునామాకు పంపిన మీ ఉత్తరాలు మాత్రం పోతాయి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. 14448 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు. జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరునూ కలవండి. చిత్తూరు జిల్లాకు లీడ్ బ్యాంకు ఇండియన్ బ్యాంకు. లీడ్ బ్యాంకు మేనేజరు కలెక్టరు సమావేశాల్లో కూర్చునే మనిషి. బ్రాంచి మేనేజరుకు ఆయన ఫోను చేస్తే ఆ మాటకు బరువు వేరు.

అప్పటికే ఎన్‌పీఏ అయితే

90 రోజులు వాయిదా కట్టకపోతే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ, అవుతుంది. సిబిల్ మచ్చ విద్యార్థికే కాదు, సహ సంతకం పెట్టిన తండ్రికీ పడుతుంది. ఆయన రేపు ట్రాక్టరు లోనుకు వెళ్లినప్పుడు ఆ మచ్చ అక్కడ ఎదురవుతుంది. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 కన్నా ముందు, రాత్రి 7 తర్వాత ఫోను చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించింది. అవమానించడం, బంధువులకు ఫోన్లు చేసి పరువు తీయడం కూడా కుదరదు. అలా చేస్తే కాల్ రికార్డు దాచి ఫిర్యాదులో పెట్టండి.

ఏడున్నర లక్షల లోపు లోనుకు ఆస్తి తాకట్టు ఉండదు. అంతకు మించితే ఇల్లో పొలమో పెట్టి ఉంటారు. వ్యవసాయ భూమి మీద సర్ఫేసీ చట్టం పనిచేయదు. కోర్టుకు వెళ్లకుండా బ్యాంకు నేరుగా మామిడి తోటను వేలం వేయలేదు. ఇంటి సంగతి వేరు. దాని మీద 60 రోజుల నోటీసు వచ్చిందంటే ఆ కవరు బీరువా మీద పెట్టేది కాదు, అదే రోజు లాయరు దగ్గరికి తీసుకెళ్లాల్సింది.

బ్యాంకు మనిషి ఇంటికొచ్చి "ఊరికే ఒక సంతకం, ఫార్మాలిటీ" అంటూ ఇచ్చే కాగితం చాలాసార్లు బాకీ ఒప్పుకోలు పత్రం. బాకీ వసూలు దావాకు మూడేళ్ల కాలపరిమితి ఉంది. ఆ సంతకంతో పరిమితి మళ్లీ మొదటికొస్తుంది. సంతకం పెట్టడం తప్పనడం లేదు. పొడిగింపో వడ్డీ తగ్గింపో దానికి బదులుగా రాతలో తీసుకోండి. ఖాళీ కాగితం మీద మాత్రం వద్దే వద్దు.

చదువు తిరిగి కుదిరే ఆశ లేదని తేలాక లోక్ అదాలత్ మంచి చోటు. న్యాయసేవాధికార సంస్థ జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది, 15100కు ఫోను చేయొచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరునిస్తారు. అక్కడ అసలు కట్టి వడ్డీ తగ్గించమని అడగండి, ఒకేసారి పరిష్కారం కుదరొచ్చు. అయితే సిబిల్‌లో ఆ ఖాతా "క్లోజ్డ్" అని రాదు, "సెటిల్డ్" అని వస్తుంది. కొన్నేళ్ల పాటు ఇంకో లోనుకు అది అడ్డు. చేతిలో ఉద్యోగం ఉండి పదేళ్లలో కట్టగలిగితే సెటిల్‌మెంటు వద్దనే అంటాను. 4 లక్షలకు 10 శాతంతో పదేళ్ల వాయిదా నెలకు సుమారు 5,290 రూపాయలు, 15 ఏళ్లకైతే 4,300. అది మోయగలిగే బరువే.

కాలేజీ మీద కేసు

కట్టిన ఫీజు కాలేజీ నుంచి రాబట్టడం వేరే దారి. చెప్పుకున్నంత సులువు కాదు. విద్యాసంస్థలు వినియోగదారుల చట్టం కిందికి రావని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లో తీర్పిచ్చింది. కోచింగ్ సెంటర్లు మాత్రం వస్తాయని అదే తీర్పులో చెప్పింది. అంతకుముందు 2009లో, అనుబంధం లేకుండానే ఉన్నట్టు నమ్మించి పిల్లలను చేర్చుకున్న పాట్నా బుద్ధిస్ట్ మిషన్ డెంటల్ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు ఫీజులు వడ్డీతో తిరిగివ్వాలన్న ఉత్తర్వును సమర్థించి, ఆ పైన ఇంకొంత పరిహారమూ ఇప్పించింది. అంటే కాలేజీ నష్టమొచ్చి మూతపడటం ఒక సంగతి, అబద్ధం చెప్పి చేర్చుకోవడం ఇంకో సంగతి. మీది రెండోదైతే ఆ కేసు బలం వేరు, పోలీసు ఫిర్యాదుకూ అవకాశముంది. మొదటిదైతే కాలేజీ నడిపిన సొసైటీ లేదా ట్రస్టు మీద సివిల్ దావా వేయాలి. భవనం అమ్ముడుపోయాక గెలిచినా ఫలితం ఉండదు కాబట్టి ఆలస్యం చేయొద్దు. ఈ పనికి కూడా బ్యాచ్ కలిసి ఒక్క లాయరును పెట్టుకుంటే ఖర్చు పంచుకోవచ్చు.

కోచింగ్, ఆన్‌లైన్ కోర్సుల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. "నెలకు ఇంత ఈఎంఐ" అన్నారంటే అది ఫీజు వాయిదా కాదు, ఏదో ఫైనాన్సు కంపెనీ లోను. సంస్థ చితికిపోయినా వాయిదా తెగదు. బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్లాకనో, ఫిట్‌జీ కేంద్రాలు 2025 జనవరిలో మూతపడ్డాకనో కళ్లు తెరుచుకునే బదులు, సంతకానికి ముందే రుణదాత పేరు అడగండి. ఇక్కడ వినియోగదారుల కమిషన్ దారి తెరిచే ఉంది. 5 లక్షల దాకా ఫిర్యాదు రుసుము కూడా లేదు.

సముద్రం దాటినవాళ్లు

2011 జనవరిలో కాలిఫోర్నియా ప్లెజంటన్‌లో ట్రై వ్యాలీ అనే బూటకపు యూనివర్సిటీ మీద అక్కడి అధికారులు దాడి చేసినప్పుడు అందులో చదువుతున్నట్టు నమోదైనవాళ్లు 1,500 మందికి పైనే. ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించిన ఫొటోలు ఇంకా గుర్తుండే ఉంటాయి. దాని యజమాని సుసాన్ సుకు 2014లో 16 ఏళ్లకు పైగా జైలు పడింది. ఇక్కడ ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న లోనుకు ఆ శిక్షతో ఏ సంబంధమూ లేదు. అమెరికా మాఫీ అక్కడి ప్రభుత్వ రుణాలకే, వాటికి ఎఫ్-1 వీసా విద్యార్థి అర్హుడే కాడు.

2019లో బయటపడిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ ఇంకా విచిత్రం. మిషిగన్‌లో అమెరికా ప్రభుత్వమే వల పన్ని నడిపిన నకిలీ యూనివర్సిటీ అది. మొదటి విడతలో అరెస్టైన 130 మందిలో 129 మంది భారతీయులు. ఫీజు వాపసు కోరుతూ విద్యార్థి ఒకరు వేసిన దావాను కింది కోర్టు కొట్టేస్తే, 2024 జూన్‌లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు దావా వేసే హక్కుందని చెప్పింది. 2022 జనవరిలో కెనడా క్యూబెక్ రాష్ట్రంలో ఒకే సంస్థకు చెందిన మూడు కాలేజీలు మూతపడినప్పుడు, ఒట్టావాలోని భారత హైకమిషన్ తమను సంప్రదించమని విద్యార్థులకు సూచన జారీ చేసింది.

విదేశంలో ఇలా జరిగితే వీసా గడియారం ముందు తిరుగుతుంది, బ్యాంకు గడియారం తర్వాత. వెంటనే గుర్తింపున్న కాలేజీకి బదిలీ ప్రయత్నం చేయండి. ఇంటి దగ్గరున్న సహ రుణగ్రహీత అదే వారంలో బ్యాంకుకు ఉత్తరం ఇవ్వాలి. బ్యాంకు కాకుండా ఫైనాన్సు కంపెనీ దగ్గర తీసుకున్నవాళ్లకు పైన చెప్పిన నమూనా పథకం వర్తించదు. వాళ్ల ఒప్పందంలో ఏముంటే అదే. చాలా ఒప్పందాల్లో చదువు కాలంలోనే వడ్డీ కట్టాల్సి ఉంటుంది కాబట్టి, వాళ్లకు రాసే ఉత్తరం ఒక్క రోజు కూడా ఆగకూడదు.

లోను ఏ దారిలో తీరినా బ్యాంకు నుంచి నో డ్యూస్ తీసుకోండి. తాకట్టు పెట్టిన పత్రాలను 30 రోజుల్లో తిరిగివ్వాలని, లేకపోతే బ్యాంకు తప్పిదానికి రోజుకు 5 వేల చొప్పున ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. పత్రాలు చేతికొచ్చాక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీసి, తాకట్టు రద్దైనట్టు ఎక్కిందో లేదో చూసుకోండి. సిబిల్ రిపోర్టు రెండు మూడు నెలలాగి తీయండి, విద్యార్థిదీ, తండ్రిదీ, షూరిటీ పెట్టిన మేనమామదీ.